డేనియల్ పౌలీ, లెక్కకు రాని చేపలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డేనియల్ పౌలీ ఎవరు?

సముద్ర జీవావరణ శాస్త్రవేత్త. చేపల వేట మీద పరిశోధన చేసేవాళ్లలో ఆయన పేరు వినని మనిషి ఉండరనే చెప్పొచ్చు. 1946లో పారిస్‌లో పుట్టారు. స్విట్జర్లాండ్‌లో పెరిగి, జర్మనీలో చదువుకుని, ఫిలిప్పీన్స్‌లో పదిహేనేళ్లు పనిచేశారు. 1994లో కెనడాలోని వాంకూవర్ చేరి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

చేపల వయసు లెక్కలు, ఇంటర్నెట్‌లో చేపల సమాచార భండారం, ఆహార గొలుసుల నమూనాలు, ప్రపంచం మొత్తం మీద పట్టిన చేపల లెక్క: ఆయన చేసిన పనుల జాబితా చూస్తే ఒకదానికొకటి సంబంధం లేనట్టుంటుంది. నాకైతే అన్నిటి వెనకా ఒకటే పట్టుదల కనిపిస్తుంది. లెక్కలు లేవు కాబట్టి ఏమీ చెప్పలేం అనే మాటను ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. కింది జవాబులన్నీ ఎక్కడో ఒకచోట ఆ మాట దగ్గరికే వస్తాయి.

ఆయన బాల్యం గురించి చెప్పుకునేవి నిజమేనా?

చాలావరకు నిజమే. తల్లి ఫ్రెంచ్ మహిళ. తండ్రి అమెరికా సైన్యంలో పనిచేసిన నల్లజాతి సైనికుడు. పసితనంలోనే ఒక స్విస్ కుటుంబం ఆయన్ని తీసుకెళ్లింది. ఆ ఇంట్లో కొడుకులా కాక పనివాడిలా పెరిగారు. టీనేజ్‌లో ఆ ఇల్లు వదిలి జర్మనీ వెళ్లి, పనిచేసుకుంటూ రాత్రి బడిలో చదివి, కీల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1970ల మొదట్లో ఘనాలోని సకుమో లగూన్‌లో టిలాపియా చేపల మీద పనిచేశారు. ఆ తర్వాత ఇండోనేషియా వెళ్లారు.

ఈ కథను సినిమాలా చెప్పేవాళ్లు ఎక్కువ. పరిశోధన వరకు అందులో పనికొచ్చే విషయం ఒకటుంది. యూరప్‌లో తనది కాని చోట బతుకుతున్నట్టు అనిపించిన మనిషి, పేద దేశాలకు ఉపయోగపడే చదువు కావాలని ఈ శాస్త్రం ఎంచుకున్నారు. అందుకే ఆయన మొదటి ఇరవై ఏళ్ల పని దాదాపు అంతా ఉష్ణమండల సముద్రాల గురించే.

ఉష్ణమండల చేపలతో వచ్చిన చిక్కేమిటి?

1970ల మధ్యలో ఆయన ఇండోనేషియాలో ట్రాల్ వలలతో (పడవ వెనక లాగే పెద్ద సంచి వలలతో) చేపల సర్వే చేసే ప్రాజెక్టులో ఉన్నారు. అప్పటిదాకా చదువుకున్న శాస్త్రం మాత్రం ఉత్తర సముద్రానిది. బెవర్టన్, హోల్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1957లో అందించిన లెక్కల పద్ధతి ప్లేస్, హేడాక్ లాంటి చేపలకు బాగా సరిపోయింది. అక్కడ వ్యాపారానికి పట్టే ముఖ్య జాతులు తక్కువ. ఒక్కోదానికీ ఏళ్ల తరబడి రికార్డులున్నాయి. పైగా అక్కడ చలికాలంలో చేప ఎదుగుదల మందగిస్తుంది. దాంతో చేప తలలో ఉండే ఓటోలిత్ అనే చిన్న రాయిలాంటి ముక్కలో ఏడాదికో వలయం ఏర్పడుతుంది. దాన్ని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి వలయాలు లెక్కపెడితే చేప వయసు తెలిసిపోతుంది.

ఉష్ణమండలంలో ఇవేవీ లేవు. ఒక్కసారి వల లాగితే పదుల కొద్దీ జాతులు పడతాయి. చలికాలం లేదు కాబట్టి ఏడాదికో వలయం స్పష్టంగా ఏర్పడదు. జాతికో శాస్త్రవేత్తను పెట్టుకునే స్తోమత ఆ దేశాలకు లేదు. వయసు తెలియకపోతే చేప ఎంత వేగంగా పెరుగుతుందో తెలియదు. అది తెలియకుండా సముద్రంలోంచి ఎంత పట్టుకోవచ్చో చెప్పడం కుదరదు. ఇలాంటిచోట చాలామంది సర్వే రిపోర్టు రాసి ఊరుకుంటారు. పౌలీ పద్ధతినే మార్చాలనుకున్నారు.

మరి వయసు తెలియకుండా లెక్క ఎలా కట్టారు?

పొడవుతో. చేపలు దించే చోట ఒక స్కేలు, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు, పొడవులు ఎవరైనా కొలవొచ్చు.

ఒక జాతి చేపలు కొన్ని వందలు తీసుకుని, ఏ పొడవువి ఎన్ని ఉన్నాయో గ్రాఫ్ గీశాం అనుకోండి. ఒకే కాలంలో పుట్టిన పిల్లలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి కాబట్టి గ్రాఫ్‌లో అక్కడక్కడ గుట్టలు లేస్తాయి. జనవరిలో 8 సెంటీమీటర్ల దగ్గర ఉన్న గుట్ట మార్చిలో 10 దగ్గరికి, మే నెలలో 11.5 దగ్గరికి జరిగితే, ఆ గుంపు ఎంత వేగంగా పెరుగుతోందో కళ్లముందే కనిపిస్తుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ 19వ శతాబ్దం చివర్లోనే చేశారు. కానీ ఏది నిజమైన గుట్ట, ఏది యాదృచ్ఛికంగా వచ్చిన ఎత్తు అన్నది చూసేవాళ్ల కంటిని బట్టి మారిపోయేది. పౌలీ ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో సహచరులతో కలిసి 1980ల మొదట్లో తయారుచేసిన 'ఎలెఫాన్' అనే ప్రోగ్రామ్ ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించింది. అన్ని నెలల గ్రాఫ్‌ల మీదుగా ఎక్కువ గుట్టలను తాకుతూ పోయే ఎదుగుదల గీతను అదే వెతుకుతుంది.

నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1984లో ఆయన ఉష్ణమండల చేపల లెక్కల మీద రాసిన మాన్యువల్‌ను ప్రోగ్రామ్ చేసుకోగల కాలిక్యులేటర్ల కోసం రాశారు. పెద్ద కంప్యూటర్ లేని ప్రయోగశాలలో ఉన్న మనిషి కూడా రేపటి నుంచే వాడుకోవాలన్నది ఉద్దేశం. తర్వాత ఈ పద్ధతులే ఎఫ్ఏఓతో (ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థతో) కలిసి చేసిన 'ఫైసాట్' సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాయి. మన దేశంలో చేపల పరిశోధన చేసిన ఒక తరం మొత్తం దాని మీదే చెయ్యి తిప్పుకుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పెద్ద చేపల ఎదుగుదల బాగా మందగించి గుట్టలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వల కన్ను సైజును బట్టి చిన్నవి జారిపోతే మొదటి గుట్టే కనిపించదు. ఏడాది పొడవునా గుడ్లు పెట్టే జాతులకు గుంపులు విడిగా తేలవు. కొన్ని నెలల శాంపిళ్లతో ఎలెఫాన్ నడిపి వచ్చిన అంకెను దశాంశాలతో సహా నమ్మడం ఆ పద్ధతి పట్ల కూడా అన్యాయమే.

1980 నాటి 'సహజ మరణాల సూత్రం' ఇప్పటికీ వాడొచ్చా?

సముద్రంలో చేపలు వలలో పడి చస్తాయి, వేరే చేపల నోట్లో పడి, రోగాలొచ్చి, ముసలివై కూడా చస్తాయి. వేట వల్ల కాకుండా చనిపోయే రేటును నేరుగా కొలవడం చాలా కష్టం. పౌలీ 175 చేపల సమూహాల సమాచారం పోగుచేసి, చేప గరిష్ఠ పొడవు, ఎదుగుదల వేగం, ఆ నీటి సగటు ఉష్ణోగ్రత తెలిస్తే ఈ రేటును అంచనా వేయొచ్చని 1980లో చూపించారు. చిన్న చేపలు, వేగంగా ఎదిగేవి, వెచ్చని నీటిలో ఉండేవి త్వరగా చనిపోతాయి.

వాడొచ్చు, మొదటి అంచనాగా. 2015లో వచ్చిన ఒక పెద్ద పోలిక, ఆ జాతి ఎన్నేళ్ల వరకు బతుకుతుందో తెలిసినప్పుడు దాని మీద ఆధారపడిన సూత్రమే మెరుగ్గా పనిచేస్తుందని తేల్చింది. వయసు సమాచారం ఉంటే అది వాడండి. లేనప్పుడు ఏమీ లేకపోవడం కంటే ఇది నయం.

ఫిష్‌బేస్‌కూ ఆయనకూ సంబంధం ఏమిటి?

ఫిష్‌బేస్ అంటే ఇంటర్నెట్‌లోని చేపల సమాచార భండారం. ఆయన, జర్మన్ శాస్త్రవేత్త రైనర్ ఫ్రోజ్ కలిసి దాన్ని మొదలుపెట్టారు. ఒక చేప గురించి తెలిసిన సమాచారం ఎక్కడో ఒక లైబ్రరీలో పాత జర్నల్‌లో ఉంటుంది. మనీలాలోనో ఘనాలోని ఆక్రాలోనో కూర్చున్నవాళ్లకు ఆ లైబ్రరీ అందదు. ఆ సమాచారమంతా ఒకచోట చేర్చాలన్న ఆలోచన 1980ల చివర్లో మొదలై, ముందు సీడీల మీద, 1996 నుంచి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా వచ్చింది. ఇప్పుడు అందులో 35,000కు పైగా జాతులున్నాయి. పొడవు, బరువు, ఆహారం, ఎదుగుదల, దొరికే చోటు అన్నీ ఉంటాయి. స్థానిక భాషల్లో పేర్లు కూడా ఉన్నాయి, తెలుగు పేర్లతో సహా.

'ఎకోపాత్' గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సముద్రంలో ఎవరు ఎవరిని ఎంత తింటున్నారో జమాఖర్చుల పట్టీలా రాసే నమూనా అది. మొదట తయారుచేసింది జెఫ్రీ పొలోవినా, హవాయి దీవుల్లోని ఒక పగడపు దిబ్బ కోసం, 1984లో. పౌలీ, డెన్మార్క్‌కు చెందిన విల్లీ క్రిస్టెన్‌సెన్ దాన్ని ఏ సముద్రానికైనా వాడగలిగేలా పెంచారు. ఈ నమూనాల వల్ల తేలిన లెక్క ఒకటి నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. ఆహార గొలుసులో ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా శక్తిలో సగటున పదో వంతు మాత్రమే పైకి చేరుతుంది. వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) మొదటి మెట్టు అనుకుంటే, నాలుగో మెట్టులో ఉండే చేప ఒక కిలో తయారవడానికి దాదాపు వెయ్యి కిలోల ప్లవకాలు కావాలి. ఈ లెక్కతోనే 1995లో పౌలీ, క్రిస్టెన్‌సెన్ ప్రపంచ జలాల్లో తయారయ్యే మొత్తం వృక్ష పదార్థంలో 8 శాతం మనం పట్టే చేపలకే ఖర్చవుతోందని అంచనా వేశారు. తీరానికి దగ్గరి సముద్రాల్లో, అడుగు నీరు పైకి ఉబికే చోట్ల, మంచినీటిలో అది 24 నుంచి 35 శాతం. సముద్రానికి అంతే లేదనుకునే అలవాటు ఆ ఒక్క అంకెతో పోవాలి.

'మారిపోయే కొలమానం' అంటే ఏమిటి?

1995లో ఆయన రాసిన చిన్న వ్యాసంలోని ఆలోచన ఇది. అంకెలు, గ్రాఫ్‌లు లేని వ్యాసం. అయినా ఆయన పనిలో బయటి ప్రపంచానికి ఎక్కువగా చేరింది ఇదేనేమో.

ప్రతి తరం శాస్త్రవేత్త తను ఉద్యోగంలో చేరిన నాటి సముద్రాన్నే మామూలు సముద్రం అనుకుంటాడు. ఎంత తగ్గిందో అక్కడి నుంచి కొలుస్తాడు. ఆయన రిటైర్ అయ్యేసరికి చేపలు ఇంకా తగ్గుతాయి. కొత్తగా చేరినవాళ్లు ఆ తగ్గిన సముద్రాన్నే మామూలు అనుకుంటారు. ప్రతి తరానికీ నష్టం కొద్దిగానే కనిపిస్తుంది. మొత్తం నష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది. 1920లలో డెన్మార్క్, స్వీడన్ల మధ్య ఉన్న కాటెగాట్ సముద్రంలో విల్లీ క్రిస్టెన్‌సెన్ తాతగారు మాకెరెల్ కోసం వల వేస్తే, బ్లూఫిన్ ట్యూనాలు పడి ఆయనకు విసుగు తెప్పించేవట. అప్పట్లో అక్కడ వాటిని కొనేవాళ్లే లేరు. అలాంటి జ్ఞాపకం ఏ గణాంకాల పుస్తకంలోనూ ఉండదు. శాస్త్రవేత్తలు దాన్ని ముచ్చట అని పక్కన పెడతారు. దాన్నీ సాక్ష్యంగా తీసుకోండి అన్నది పౌలీ వాదన.

తర్వాత ఈ దారిలో చాలామంది నడిచారు. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో సరదాగా చేపలు పట్టేవాళ్లు సాయంత్రం తమ పెద్ద చేపలను వేలాడదీసి ఫోటోలు దిగే అలవాటుంది. ఒక పరిశోధకురాలు 1956 నుంచి 2007 వరకు అలాంటి ఫోటోలు కొలిచి చూస్తే, ఆ గొప్ప చేపల సగటు బరువు దాదాపు 20 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. ఫోటోల్లో మనుషుల నవ్వు మాత్రం అలాగే ఉంది.

'ఆహార గొలుసులో కిందికి వేటాడటం' అన్న సిద్ధాంతం తప్పని తేలిందంటారు. నిజమా?

ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్తే రెండువైపులా అన్యాయం చేసినట్టే.

1998లో పౌలీ, నలుగురు సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక పేపర్ వేశారు. ఎఫ్ఏఓ గణాంకాలు తీసుకుని, పట్టిన ప్రతి జాతికీ ఆహార గొలుసులో అది ఉండే స్థాయిని (పైన చెప్పిన మెట్టును) జోడించి, 1950 నుంచి 1994 వరకు ఏడాదికో సగటు తీశారు. ఆ సగటు 1950ల మొదట్లో 3.3 దగ్గర ఉండేది. 1994కి 3.1 కంటే కిందికి వచ్చింది. అంకెలో తేడా చిన్నదే. అర్థం మాత్రం పెద్దది. మనం ముందు పెద్ద వేటాడే చేపలను ఖాళీ చేసి, తర్వాత వాటి ఆహారమైన చిన్న చేపలను, రొయ్యలను పట్టుకుంటున్నాం అని.

విమర్శలు వెంటనే మొదలయ్యాయి. ఎఫ్ఏఓ శాస్త్రవేత్తలు అదే ఏడాది అదే పత్రికలో అభ్యంతరం చెప్పారు. పట్టిన చేపల సగటు మారినంత మాత్రాన సముద్రంలో ఉన్న చేపల సగటు మారినట్టు కాదు. ధర బాగుందనో కొత్త పడవలు వచ్చాయనో జనం చిన్న చేపల వెంటపడవచ్చు. పెరూ తీరంలో పడే నెత్తళ్ల లాంటి ఆంకోవెటా ఒక్కటే ప్రపంచ సగటును అటూ ఇటూ ఊపగలదు. 1970ల మొదట్లో ఎల్ నినో వచ్చి ఆ వేట కుప్పకూలినప్పుడు సగటు పైకి లేచింది కూడా. 2006లో మరో బృందం చాలా చోట్ల పెద్ద చేపల వేట తగ్గకుండానే చిన్న చేపల వేట అదనంగా చేరిందని చూపింది. 2010లో ట్రెవర్ బ్రాంచ్ బృందం పట్టుబడి (పట్టిన చేపల) సగటుకూ, సముద్రంలో చేసిన సర్వేల సగటుకూ చాలాచోట్ల పొంతన లేదని 'నేచర్' పత్రికలో రాసింది.

పౌలీ వర్గం జవాబు కూడా బలమైనదే. దగ్గరి సముద్రం ఖాళీ అయ్యాక పడవలు దూరం వెళ్తాయి. అక్కడ ఇంకా పెద్ద చేపలు ఉంటాయి. దాంతో దేశం మొత్తం సగటు నిలకడగా కనిపిస్తుంది. తీరం దగ్గర జరిగిన నష్టం ఆ కొత్త నీటి చాటున దాక్కుంటుంది. ఈ విస్తరణను విడదీసి చూసే సూచికను 2014లో ప్రచురించారు.

నా అభిప్రాయం అడిగితే, ఒక్క సగటు అంకెను సముద్రం ఆరోగ్యానికి ప్రపంచవ్యాప్త కొలమానంగా వాడటం మీద విమర్శకుల మాట నిలిచింది. కానీ అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందం 2004లో దాన్ని సూచికగా తీసుకునేంతగా ఈ పేపర్ చర్చను మార్చింది. అంతకుముందు టన్నులు పెరిగాయా తగ్గాయా అనే అడిగేవాళ్లు. ఏ చేపలు అని అడగడం దీనితోనే అందరికీ అలవాటైంది.

మన తీరం గురించి ఆయన ఏమన్నా చెప్పారా?

బ్రజ్‌గీత్ భథల్ అనే పరిశోధకురాలితో కలిసి 2008లో ఒక పేపర్ రాశారు. 1950 నుంచి 2000 వరకు భారతదేశ తీర రాష్ట్రాల లెక్కల మీద. పైన చెప్పిన వాదనే అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మర పడవలు వచ్చాక వేట తీరం నుంచి లోతుకు విస్తరించింది, ఆ విస్తరణను లెక్కలోకి తీసుకుంటే సగటు స్థాయి కిందికి దిగుతున్నట్టు తేలుతుంది అని. దానికి ముందే, 2005లో, మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అదే అంశం మీద పనిచేసి, తీరం అంతా ఒకేలా లేదని, ఆగ్నేయ తీరంలో ఆ ధోరణి కనిపిస్తోందని రాశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సినవి.

ఎఫ్ఏఓ లెక్కలు ఉండగా ఆయన వేరే లెక్క ఎందుకు కట్టారు?

ఆయన పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. కాబట్టి కాస్త వివరంగా.

ఎఫ్ఏఓ తనంతట తాను సముద్రానికి వెళ్లి చేపలు లెక్కపెట్టదు. ప్రతి దేశం పంపిన అంకెలను ఒకచోట చేర్చి ప్రచురిస్తుంది. ఆ దేశాలు ఏం పంపుతాయి? పెద్ద ఓడలు, పెద్ద రేవులు, ఎగుమతి అయ్యే చేపలు లెక్కకు వస్తాయి. ఒడ్డున చిన్న వల వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవి, ఆడవాళ్లు తీరంలో ఏరుకునే ఆల్చిప్పలు, సరదా వేట, దొంగచాటు వేట, పనికిరావని మళ్లీ నీళ్లలో పారబోసే చచ్చిన చేపలు చాలా దేశాల్లో లెక్కకు రావు. లెక్క లేని గడిలో ఏమీ రాయరు. ఆ ఖాళీ గడి మొత్తంలో కలిపేటప్పుడు సున్నా అయిపోతుంది. సున్నా కూడా ఒక అంచనానే, అన్నిటికంటే తప్పుడు అంచనా. పౌలీ వాదనంతా ఇక్కడే ఉంది.

దీనికి తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. 2001లో రెగ్ వాట్సన్‌తో కలిసి ఆయన 'నేచర్'లో చైనా లెక్కలను ప్రశ్నించారు. ఆ సముద్రం ఇవ్వగలిగిన దానికంటే చాలా ఎక్కువ చేపలు రిపోర్టుల్లో కనిపిస్తున్నాయని నమూనాతో చూపించారు. ఉత్పత్తి పెరిగినట్టు చూపిస్తే అధికారులకు ప్రమోషన్లు వచ్చే వ్యవస్థలో అంకెలు పెరగడం సహజమే. ఆ అదనాన్ని తీసేస్తే, ప్రపంచ పట్టుబడి పెరగడం మాట అటుంచి 1980ల చివరి నుంచే తగ్గుతున్నట్టు తేలింది.

ఆ తర్వాత దేశం వెంట దేశం తీసుకుని పట్టుబడి లెక్కల పునర్నిర్మాణం చేశారు. 1999లో ఆయన మొదలుపెట్టిన 'సీ అరౌండ్ అస్' ప్రాజెక్టు కింద, డర్క్ జెల్లర్‌తో కలిసి, వందలమంది స్థానిక పరిశోధకుల సాయంతో. ఏ పద్ధతి అంటే: ఏదో ఒక ఏడాది చేసిన ఇంటింటి ఆహార సర్వే, వలస పాలన నాటి ఒక పాత రిపోర్టు, ఒక ఎన్జీఓ లెక్క, పడవల సంఖ్య, తీర జనాభా. ఇలాంటి ఆధారాలతో కొన్ని ఏళ్లకు నమ్మదగిన అంకెలు నిలబెట్టి, మధ్య ఏళ్లను పూరించడం.

పర్షియన్ గల్ఫ్‌లో చేసిన పని దీనికి మంచి నమూనా. అక్కడ తీరం పొడవునా పోటు నీటితో లోపలికి వచ్చిన చేపలు పాటు తీసేటప్పుడు బయటికి పోలేకుండా కట్టే పెద్ద కంచె వలలు ఉంటాయి. వాటిని పైనుంచి చూడొచ్చు. డాలియా అల్ అబ్దుల్‌రజాక్, పౌలీ గూగుల్ ఎర్త్ ఉపగ్రహ చిత్రాల్లో వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. 2005లో దాదాపు 1,900 ఉన్నాయని, ఏడాదికి దాదాపు 31,000 టన్నుల చేపలు పడతాయని తేల్చారు. ఆ దేశాలు అధికారికంగా చెప్పినదానికి అది దాదాపు ఆరు రెట్లు.

2016లో మొత్తం ప్రపంచ ఫలితం వచ్చింది. ఎఫ్ఏఓ ప్రకారం 1996లో పట్టుబడి 86 మిలియన్ టన్నుల దగ్గర గరిష్ఠానికి చేరి, తర్వాత కొద్దిగా తగ్గింది. పునర్నిర్మాణం ప్రకారం ఆ గరిష్ఠం 130 మిలియన్ టన్నులు. ఆ తర్వాత 2010 వరకు ఏటా దాదాపు 1.2 మిలియన్ టన్నుల చొప్పున పడిపోయింది. తగ్గుదల ఎక్కువగా పెద్ద ఓడల వేటలోదే. చిన్న మత్స్యకారుల పట్టుబడి అప్పటికి తగ్గలేదు.

ఎఫ్ఏఓ శాస్త్రవేత్తలు దీన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. తమ అంకెలకూ, పారబోసిన చేపలు కూడా కలిపిన అంకెలకూ నేరుగా పోలిక పెట్టడం మీద, అంచనాల్లోని అనిశ్చితి మీద అభ్యంతరాలు రాశారు. అవి ఆలోచించాల్సినవే. పునర్నిర్మాణంలో ఒక్కో దేశం అంకె వెనక ఆధారం బలంగా ఉందా, బలహీనంగా ఉందా చూడకుండా వాడకూడదు. అయినా తీరంలో రోజూ చేప తినే కుటుంబాన్ని సున్నాగా రాసే లెక్క కంటే, ఇంత ఉండొచ్చు అని చెప్పే లెక్కే నాకు న్యాయంగా తోస్తుంది.

నీళ్లు వేడెక్కితే చేపలు చిన్నవవుతాయన్నది కూడా ఆయన మాటేనా?

అవును. 1979 నాటి పీహెచ్‌డీ నుంచీ ఆయన వదలని ఆలోచన. చేప శరీరం మూడు వైపులా పెరుగుతుంది. ఆక్సిజన్ తీసుకునే మొప్పల ఉపరితలం మాత్రం ఆ వేగంతో పెరగలేదు. కాబట్టి చేప పెద్దదయ్యేకొద్దీ గ్రాము ఒంటికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది. ఒక దశలో ఎదుగుదలకు మిగలదు. నీరు వేడెక్కితే ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. అంటే ఆ దశ తొందరగా వచ్చేస్తుంది. ఈ సూత్రంతో విలియం చుంగ్, పౌలీ బృందం 2013లో, కర్బన ఉద్గారాలు ఎక్కువగా సాగితే 2000 నుంచి 2050కి చేపల సగటు గరిష్ఠ బరువు 14 నుంచి 24 శాతం తగ్గుతుందని అంచనా వేసింది.

శరీరధర్మ శాస్త్రవేత్తల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. మొప్పలు మడతలు మడతలుగా ఉండే అవయవం, చేపకు అవసరమైతే వాటి ఉపరితలం పెరగడానికి అడ్డేమీ లేదని 2017లో ఒక బృందం గట్టిగా రాసింది. పౌలీ జవాబిచ్చారు. వాదన ముగియలేదు. వేడి నీటిలో చాలా చేపలు చిన్న సైజులోనే ఆగిపోవడం అనేక చోట్ల గమనించిన విషయం. కారణం మొప్పలేనా అన్నదే తేలాల్సింది.

ఆయన శాస్త్రవేత్తా, ఉద్యమకారుడా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో తోటి శాస్త్రవేత్తలే ఎక్కువ. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రే హిల్‌బోర్న్‌తో ఆయన వాదం బాగా తెలిసినదే. శాస్త్రీయంగా అంచనా వేసి నిర్వహించే చోట చేపల సమూహాలు కోలుకుంటున్నాయి, ప్రపంచమంతా కూలిపోతోంది అనడం సరికాదు అని హిల్‌బోర్న్ వాదిస్తారు. అలాంటి అంచనాలు జరిగేది ఎక్కువగా ధనిక దేశాల్లోనే, మిగతా ప్రపంచం సంగతేమిటి అని పౌలీ అడుగుతారు. 2013లో 'నేచర్' ఇద్దరి వాదనలనూ పక్కపక్కనే వేసింది. పట్టుబడి తగ్గడం సముద్రంలో చేపలు తగ్గాయనడానికి గుర్తా, కాదా అన్న అంశం మీద.

నాకు ఇద్దరూ వేర్వేరు సముద్రాల గురించి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. అలాస్కా పొల్లాక్ అనే చేపకు హిల్‌బోర్న్ మాట వర్తిస్తుంది. పొడవు కొలిచే మనిషి కూడా లేని తీరానికి పౌలీ మాట వర్తిస్తుంది. ఆయన తన అభిప్రాయాలు దాచుకోరన్నది నిజం. వేటను పెంచే సబ్సిడీలు ఆపాలని, ఏ దేశానికీ చెందని దూర సముద్రాల్లో వేట మూసెయ్యాలని బాహాటంగా చెప్తారు. 1980లలోనే ఫిలిప్పీన్స్‌లోని శాన్ మిగెల్ బే మీద సహచరులతో చేసిన అధ్యయనంలో, కొద్దిమంది ట్రాలర్ల యజమానులకు చేపల్లో పెద్ద వాటా పోతుంటే వేలమంది చిన్న మత్స్యకారులు మిగిలినది పంచుకుంటున్నారని చూశారు. భూమి లేని పేదలు వేరే దారి లేక సముద్రం మీద పడటం వల్ల జరిగే అతివేటను ఆయన విడిగా గుర్తించి పేరు పెట్టారు కూడా. అదంతా చూసిన మనిషి మౌనంగా ఉండాలని కోరడం నాకు సరిగా తోచదు.

ఏ అవార్డులు వచ్చాయి?

2005లో కాస్మోస్ బహుమతి, 2006లో వోల్వో పర్యావరణ బహుమతి, 2008లో రామోన్ మార్గలెఫ్ బహుమతి, 2023లో రషీద్ సుమైలాతో కలిపి టైలర్ బహుమతి. సుమైలా అదే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆర్థిక శాస్త్రవేత్త. సబ్సిడీల లెక్కలు ఎక్కువగా సుమైలావే.

నేను విద్యార్థిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు 'మారిపోయే కొలమానం' గురించి రాసిన 1995 నాటి చిన్న వ్యాసం చదవండి. అరగంట చాలు. తర్వాత 1998 పేపర్, దాని వెంటే 2010 విమర్శ. రెండూ ఒకే వారంలో చదివితే ఒక ఆధారం ఎంత బరువు మోయగలదో అర్థమవుతుంది.

డేటా కోసం ఫిష్‌బేస్‌లో మీకు బాగా తెలిసిన చేప పేజీ తెరవండి. ఎదుగుదల పట్టికలో ఎన్ని అధ్యయనాలున్నాయి, ఏ దేశాల నుంచి, ఏ ఏళ్లవి అన్నది చూడండి. మన తీరంలో మామూలుగా దొరికే కొన్ని జాతులకు కూడా పట్టికలు పలచగా ఉంటాయి. ప్రాజెక్టు అంశం అక్కడే దొరకొచ్చు. సీ అరౌండ్ అస్ సైట్‌లో దేశాలవారీ పట్టుబడి లెక్కలు ఉచితంగా దిగుతాయి. ప్రకటించినవి, అంచనా వేసినవి వేర్వేరుగా చూపిస్తారు. అంకెలు వాడేముందు ఆ దేశానికి సంబంధించిన పునర్నిర్మాణ నివేదిక తప్పకుండా చదవండి. ఏ గడిని దేనితో పూరించారో అందులోనే ఉంటుంది.

ఎలెఫాన్ నేర్చుకోవాలంటే ఇప్పుడు పాత సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 'ఆర్' అనే ప్రోగ్రామింగ్ భాషలో 'ట్రాప్‌ఫిష్‌ఆర్' అనే ప్యాకేజీలో ఆ పద్ధతులున్నాయి. వీలైతే సొంతంగా కొలిచిన పొడవులతో చెయ్యండి. నెలకోసారి, ఒకే రేవులో, ఒకే రకం వల నుంచి, ఏరకుండా తీసిన చేపలతో. వ్యాపారి సైజుల వారీగా వేరు చేశాక కొలిస్తే గుట్టలన్నీ ఆయన బుట్టలవే అవుతాయి.